శ్రీ స్వామిదాసు డాక్టరుగారూ, బొటనవేలి బుడిపె

మా దవాఖాన వెనకింట్లో ఉండే సాలవ్వ ఒకనాడు మంచినీళ్ల బావి దగ్గర మా ఇంటావిడతో అన్నదట: "గా డాక్టరు మంచోడు గాదక్కా. ఊర్ల పొంట తిరిగి మనుషుల అడుగులు ఎత్కపోతుండు. ఎర్రగ, నెత్తుర్ల ముంచినట్టె ఉన్నయట. కాయితంల సుట్టి సంకల వెట్టుకున్నడట. మా ఆడిబిడ్డ కండ్లార జూసిందట. బాణామతి గాకపోతె ఏందే, అడుగులతోని దవాఖానల ఏం పని?"

మా ఇంటావిడ ఈ వార్తను అన్నంతోపాటు వడ్డించింది. నేను నవ్వి ఊరుకోలేకపోయాను. మనిషి తొక్కిన మన్ను పగవాడి చేతికి చిక్కితే ఆ మనిషికి కీడు తప్పదన్న నమ్మకం మా తాలూకా పల్లెల్లో ఎంత గట్టిదో ఈ వీడ్కోలు సంచిక చదివేవారికి చెప్పనక్కరలేదు. బాణామతి అనే చేతబడి చేశాడన్న అనుమానం ఒకరి మీద పడితే ఊరు ఏం చేస్తుందో కూడా చెప్పనక్కరలేదు. మంత్రం పలకరాకుండా ఊరివాళ్లు పళ్లు రాలగొట్టినవారిని మన దవాఖాన బల్ల మీదనే కూర్చోబెట్టి దూది అద్దినాము.

అలా అడుగులు ఎత్తుకుపోయిన డాక్టరే ఈ నెల కొలువు చాలించుకుంటున్న మన శ్రీ స్వామిదాసుగారు. వారు సర్కారు వైద్యశాఖలో అడుగుపెట్టినది 1913వ సంవత్సరం జూన్ మాసం రెండవ తేదీన. భిక్నూర్ సమీపాన ఒక పల్లెలో, కూలి చేసి బిడ్డను చదివించిన తల్లిదండ్రులకు జన్మించి, మిషను బడిలో అక్షరాలు దిద్ది, హైదరాబాదులో ఉర్దూలో వైద్యం చదివి, తెలుగులో రోగిని పలకరించి, ఇంగ్లీషు పుస్తకం చూసి మందు రాసే విచిత్రమైన పాండిత్యం వారిది. యుద్ధం ముగిసిన ఏడు దేశమంతటా పాకిన జ్వరంలో వారు చేసిన సేవను పెద్దలు ఇప్పటికీ తలచుకుంటారు. 1931లో కామారెడ్డికి, అటుపిమ్మట అయిదేండ్లకు ఎల్లారెడ్డి దారిలోని మన చిన్న దవాఖానకు బదిలీ అయి వచ్చారు. సికింద్రాబాదు నుంచి మందుల పెట్టెలు రైలు దిగి, ఎద్దుబండి ఎక్కి, వాగు దాటి మనదాకా వచ్చేసరికి సీసాల్లో సగమే మిగిలే ఆ రోజులలో వారు ఏనాడూ మందు లేదని రోగిని తిప్పి పంపలేదు. మందు లేకుంటే మాట ఇచ్చేవారు, మాట కుదరకుంటే కనీసం ప్రశ్న ఇచ్చేవారు.

ప్రశ్నలు అడగడంలో వారికి సాటి లేరు. నాడి పట్టకముందే పాదం చూడడం వారి అలవాటు. దానికి కారణం ఉన్నది. మెట్లబావుల నీరు తాగే మా పల్లెల్లో నారికురుపు ఇంటింటి చుట్టము. కాలి మీద వాపు లేచి, పొక్కు పగిలి, దారంలాంటి తెల్లని పురుగు తల బయటపెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత మెల్లగా లాగాలి. ఆ పని చేసీ చేసీ వారి కన్ను నేరుగా కాలి మీదకే పోయేది. ఎవరైనా పలకరిస్తే ముందు వారి మడమకు నమస్కారం చెప్పి తరువాత మొహానికి చెబుతారని మేము వెనక నవ్వుకునేవారము.

1937లో వానలు వెనుకపట్టిన రోజులలో పోలీసు జవాను దేవన్న దవాఖానకు వచ్చాడు. వచ్చాడనడం కన్నా తప్పించుకొని వచ్చాడనడం మేలు. తన ఠాణా వాళ్లెవరూ లేరని చూసుకున్న తరువాతనే గడప దాటి, అప్పుడు కుంటడం మొదలుపెట్టాడు. అంతవరకూ కుంటు కనబడకుండా నడిచిన మనిషికి ఆ కుంటు ఎంత సుఖమిచ్చిందో అతని మొహం చూస్తే తెలిసింది.

"ఎన్నొద్దులాయె దేవన్నా?" అని డాక్టరుగారు అడిగారు.

"మొన్ననే సాబ్."

"మొన్న అంటె?"

"ఒక మూడేండ్లు అయితది."

ఎడమ బూటు విప్పగా బొటనవేలి మొదట, పాదం లోపలి అంచున, రేగుపండంత బుడిపె ఎర్రగా కంది ఉన్నది. దాని మీద కాల్చిన మచ్చ ఒకటి.

"ఇదేంది?"

"ఒకతను వాతమన్నడు సాబ్. సురుకు పెట్టిండు."

"తగ్గిందా?"

"సురుకు మంటకు గీ నొప్పి కొన్నొద్దులు యాదికి రాలే. గంతే మేలు."

దేవన్న భయం నొప్పిని గురించి కాదు. చలికాలంలో పై అధికారి వచ్చి జవాన్లందరినీ బూట్లతో నిలబెట్టి నడిపించి చూసే ముఆయినా ఉన్నది. కుంటినవాని పేరు ఆనాటితో కొట్టివేస్తారని వారి ఠాణా పెద్ద అమీన్ సాహెబు ముందే చెప్పి ఉంచాడు. దేవన్నకు ఉన్నది చారెడు మెట్ట. ఇంట్లో తల్లి ఈరవ్వ, భార్య, పిల్లలు. సర్కారు కొలువే వాళ్లకు వాన. ఆ బొటనవేలు కుంటితే ఇల్లంతా కుంటుతుంది.

ఇక్కడ మన డాక్టరుగారు పొరబడ్డారు. అభినందన వ్యాసంలో ఈ మాట రాయవచ్చునా అని వారినే అడిగాను, "రాయకపోతె తక్కినదెవలు నమ్ముతరు?" అన్నారు. ఆ కాలంలో, ఆ తాలూకాలో, కాలి మీద ఎర్రని వాపు కనబడితే అది నారికురుపే. నూటికి తొంభైమంది విషయంలో నిజమైన ఆ మాట వారి చూపుకు గంతలు కట్టింది. పురుగు తల బయటపెడుతుందని పొద్దున్నే దేవన్న కాలిని నీళ్ల కుండలో పెట్టించి, పుల్ల పట్టుకొని ఎదురుగా కూర్చున్నారు. దేవన్న కూడా ఓపికగా కూర్చున్నాడు. వారాలు గడిచాయి గాని, పురుగు రాలేదు.

"ఇదేంది దేవన్నా, వస్తలేదు?"

"అది సుత సర్కారీ నౌకరేమో సాబ్. పిలిస్తె రాదు."

ఆ మాటకు డాక్టరుగారు నవ్వి, పుల్ల కింద పెట్టి, "రెండో బూటు ఇప్పు" అన్నారు. అదుగో, వారి జీవితంలో నాకు తెలిసిన మంచి క్షణాలలో అదొకటి. నొప్పి లేని కాలిని చూడాలన్న ఊహ అంతవరకూ మా ఎవరికీ రాలేదు. కుడికాలి మీద కూడా అదే చోట అదే బుడిపె, చిన్నది, ఇంకా కందనిది, మొలక దశలో ఉన్నది. పురుగు ఒకేసారి రెండు కాళ్లలో సరిగ్గా ఒకేచోట ఇల్లు కట్టదు గదా. వారు వేలితో నొక్కి చూశారు. పై తోలు అటూ ఇటూ కదిలింది, లోపలిది కదలలేదు. బొటనవేలేమో నిటారుగా ఉండక, పక్కవేలి మీదికి తల వాల్చి ఉన్నది.

"ఇది మీద మొలిచింది గాదు దేవన్నా," అన్నారు. "విల్లు వంచితె నడుమ పొడుసుకొస్తదా లేదా? గట్ల. ఏలు లోపటికి వంగుతున్నది, దాని మొదలు బయటికి పొడుసుకొస్తున్నది. గడ్డ గాదు, కాయ గాదు. నీ బొక్కనే, నీ ఎముకనే."

"మరి కొయ్యరాదు?"

"నీ బొక్కను నువ్వే వద్దంటె ఎట్ల?"

ఆ పూట వారు అల్మారలోని బరువైన ఇంగ్లీషు వైద్యగ్రంథం దించారు. అందులో ఈ జబ్బుకు ఒక పేరూ, ఒక బొమ్మా, ఒక నేరస్థుడూ ఉన్నారు. ఇరుకు బూటే ఈ పని చేస్తుందని గ్రంథకర్త తేల్చి చెప్పాడు. దేవన్న బూటు చూస్తే ఆ మాట నిజమే అనిపించింది. పై దఫ్తరు నుంచి మూటలుగా వచ్చే ఆ బూట్లకు పొడుగు కొలతే గాని వెడల్పు కొలత లేదు. మా పల్లెకాలేమో వేళ్ల దగ్గర విసనకర్రలా విచ్చుకొని ఉంటుంది. ఆ బూటు ముక్కేమో కొడవలి మొనలా సన్నగా ఉంటుంది. నేరస్థుడు దొరికాడని పుస్తకం మూయబోతూ, వారు అలవాటు కొద్దీ ఇంకొక ప్రశ్న అడిగారు.

"మీ ఇంట్ల ఇంకెవలికన్న గిట్లున్నదా?"

"మా అవ్వకున్నది సాబ్. మా అవ్వను గన్నామెకు సుత ఉండెనట."

"మీ అవ్వ ఏం చెప్పులు తొడుగుతది?"

"చెప్పులా? మా అవ్వ పెండ్లినాడు సుత తొడగలే."

డాక్టరుగారు పుస్తకం మూయలేదు. దాన్ని తెరిచి ఉంచి, దేవన్న మొహం వైపు, అంటే వారి భాషలో దేవన్న కాళ్ల వైపు, చూశారు. బూటు దొంగ అయితే, బూటు అడుగైనా పెట్టని ఇంట్లో ఈ దొంగతనం ఎట్లా జరిగింది? ఇంటి నుంచి వారి శ్రీమతి మరియమ్మగారు అన్నానికి కబురు పంపితే, "వస్తున్ననను" అని చెప్పి, పొయ్యి చల్లారినా వెళ్లలేదు.

ఆదివారం ప్రార్థన కాగానే వారు పోచారం దారిలోని దేవన్న ఊరికి బండి కట్టించారు. వెంట తీసుకువెళ్లిన సామగ్రి పాత వార్తాపత్రికలు, గడపలకు పూసే జాజు. ఆ ఎర్రమన్నును చిక్కగా కలిపి అరికాలికి పూసి, కాగితం మీద నిలబడమంటే పాదం ఆకారం ఉన్నదున్నట్టు పడుతుంది. వేలు ఎటు వంగింది, బుడిపె ఎంత పొడుచుకొచ్చింది, బరువు ఎక్కడ పడుతున్నది, అన్నీ అందులో కనబడతాయి. ఈరవ్వ అడుగు ఒకటి తీసుకున్నారు. పోల్చి చూడడానికి పక్కిండ్లవాళ్లవీ తీసుకున్నారు. అందులో హన్మవ్వ అనే ఆమె అడుగు కూడా ఉన్నది. అన్నీ చుట్టి చంకన పెట్టుకొని వారు తిరిగి వచ్చారు. సాలవ్వ ఆడబిడ్డ చూసినది ఆ ఎర్రని చుట్టనే.

అంతటితో అయితే అది నవ్వుల సంగతిగా పోయేది. కాని హన్మవ్వకు చలిజ్వరం వచ్చింది. అడుగు ఇచ్చిన వారం తిరక్కముందే వచ్చింది. రెండవ పర్యాయం డాక్టరుగారితో బండిలో నేనూ ఉన్నాను. ఈరవ్వ వాకిట్లో మాకోసం ఊరు సగం నిలబడి ఉన్నది. హన్మవ్వ భర్త పోచన్న చేతిలో బర్రెలు కాసే కట్టె ఉన్నది. అక్కడ బర్రెలు లేవు.

"అడుగులు ఇయ్యి," అన్నాడు పోచన్న. "ఇచ్చినంకనే బండి కదుల్తది."

"హన్మవ్వకు ఎట్లున్నది?"

"నువ్వు చెయ్యాల్సింది చేస్తివి గద. ఎట్లున్నదని నన్నడుగుతవేంది?"

వెనక నుంచి ఎవరో, "పండ్లు రాలగొట్టుండ్రి, మంత్రం పలకరాదు!" అన్నారు. దేవన్న అడ్డం వచ్చాడు గాని, జవాను తన ఊళ్లో జవాను కాడు, ఈరవ్వ కొడుకు మాత్రమే. అతని మాట ఎవరూ వినలేదు. బుద్ధిమంతుడైన ఏ అధికారైనా ఆ సమయంలో దోమకాటును గురించీ, చలిజ్వరాన్ని గురించీ ఉపన్యసించి ఉండేవాడు, ఆ ఉపన్యాసం మధ్యలోనే దెబ్బ తిని ఉండేవాడు. మన స్వామిదాసుగారు భిక్నూర్ పక్క పల్లెలో పుట్టినవారు. వారు పోల్చి చూడడానికి వెంట తెచ్చిన చుట్ట విప్పి హన్మవ్వ అడుగున్న కాగితం వెతికి పోచన్న చేతిలో పెట్టారు. తరువాత బండి నొగ మీద కూర్చొని, తమ బూటు, మేజోడు విప్పి, మిగిలిన జాజు అరికాలికి పూసుకొని, ఇంకొక కాగితం మీద గట్టిగా తొక్కారు.

"ఇది నా అడుగు పోచన్నా. మీ ఇంట్ల వెట్టుకో. హన్మవ్వ లేవకపోతె దీన్ని ఏం జేస్తవో జెయ్యి. అప్పటిదాక నేను ఆమె కాడనే కూసుంట."

కట్టె దిగింది. బాణామతి చేసేవాడు తన అడుగు పగవాడి చేతికి ఇస్తాడా? ఆ లెక్క ఊరందరికీ ఒక్కసారే తట్టింది. ఏ నమ్మకం వారి మీదకు కట్టె ఎత్తిందో, అదే నమ్మకాన్ని వారు సాక్షిగా నిలబెట్టారు. అంతలో ఈరవ్వ ముందుకు వంగి, కాగితాన్ని కాదు, ఇంకా జాజు కారుతున్న డాక్టరుగారి కాలిని చూసి గట్టిగా అరిచింది.

"ఓ బిడ్డా! నీకూ ఉన్నది గద!"

డాక్టరుగారు కాలెత్తి మోకాలి మీద పెట్టుకొని చూసుకున్నారు. బొటనవేలి మొదట బుడిపె. చిన్నదే గాని సందేహం లేనిది. పాతికేండ్లుగా ఊరూరి కాళ్లన్నీ పరీక్షించిన ఆ కళ్లు ఇంట్లో ఉన్న కాలిని ఏనాడూ చూడలేదు. మొదట ఈరవ్వ నవ్వింది, తరువాత పోచన్న, తరువాత ఊరు. అందరికన్నా ఆఖరున, అందరికన్నా ఎక్కువసేపు, డాక్టరుగారు నవ్వారు. అటుతరువాత వారు మాట ప్రకారం హన్మవ్వ మంచం పక్కన కూర్చొని క్వినైన్ మింగించారు. జ్వరం దిగింది. కాగితం తిరిగి ఇమ్మని మేము అడిగితే మాత్రం పోచన్న, "ఉండనియ్యుండ్రి సాబ్, జ్వరం మల్లొస్తె?" అన్నాడు.

అసలు పాఠం ఆనాడు ఈరవ్వ గడప మీద జరిగింది. వారు ఆమె పాదాన్ని ఒడిలో పెట్టుకొని పరీక్షించారు. ఆమె బుడిపె కొడుకు బుడిపె కన్నా పెద్దది.

"నొస్తదా అవ్వా?"

"ఎందుకు నొస్తది?"

"నీ కొడుక్కు నొస్తున్నది గద."

"ఆనిది బూటు డబ్బల వెట్టిండు, నొస్తది. నా ఏలికి అడ్డమెవలు?"

తిరుగుదారిలో వారు ఆ మాటనే నెమరువేసుకుంటూ కూర్చున్నారు. పుస్తకం చెప్పినది సగమే. కీలు వదులుగా, పాదం చదునుగా ఉండే లక్షణం కొన్ని ఇండ్లలో ముక్కూ కండ్లలాగే తల్లి నుంచి బిడ్డకు దిగుతుంది. అటువంటి కాలి బొటనవేలు చెప్పు ఎరగకున్నా కొంత వాలవచ్చు. బూటు ఆ వాలుతున్నదాన్ని ఇంకా తోస్తుంది, పొడుచుకొచ్చిన ఎముకను రోజంతా రాపాడిస్తుంది, దాని మీది మెత్తని తిత్తిని వాపుతుంది, నడిచేవాణ్ణి కుంటిస్తుంది. వారి మాటలోనే చెప్పాలంటే బీజం ఇంటిది, బాధ బూటుది. బీజాన్ని మనం మార్చలేము. బూటును మార్చవచ్చును.

అది అనుకున్నంత సులభం కాలేదు. చెప్పులు కుట్టే మైసన్న బూటు చూసి బుడిపె దగ్గర తోలు కోసి మాసిక వేస్తానన్నాడు. డాక్టరుగారు అనుమతికోసం ఠాణాకు వెళ్లారు. అమీన్ సాహెబు చెడ్డవాడు కాడు, తన జవాను మీద ప్రేమ ఉన్నవాడే. కాని బూటును బల్ల మీద పెట్టి, "ఇది సర్కారీ మాల్ డాక్టర్ సాబ్. ఒక్క గీత పడ్డా జవాబు నేను చెప్పాలె" అన్నాడు. పట్నంలో పెద్ద దవాఖాన ఉన్నదిగదా, ఆ ఎముకను అక్కడ కోయించి తీసుకురమ్మని సలహా ఇచ్చాడు. డాక్టరుగారు శస్త్రచికిత్సను తీసిపారేసేవారు కారు. ఏ ఉపాయమూ పని చేయనివారికి, నొప్పితో నిద్ర పట్టనివారికి అది ఉన్నదని, మంచి చేతిలో మేలే చేస్తుందని చెప్పేవారు. కాని నెలల తరబడి కాలు నేల మీద మోపరాదు. చీము పట్టే భయం ఉన్నది. పట్టకపోయినా ఆ వేలు పూర్వంలా నేలను తన్నుతుందని ఎవరూ ప్రమాణం చేయలేరు. నడకే తిండి పెట్టేవానికి అది ఆఖరు మెట్టు కావాలి గాని మొదటి మెట్టు కారాదని వారి అభిప్రాయము.

అందువల్ల ముందు చేయగలిగినవన్నీ చేశారు. మంట తగ్గేదాకా సాయంత్రాలు ఉప్పువేసిన గోరువెచ్చని నీళ్లలో కాలు పెట్టించారు. పాత గొంగడి ముక్కను బిళ్లలా కోసి, నడుమ బుడిపె పట్టేంత రంధ్రం చేసి, బరువు బుడిపె మీద కాక దాని చుట్టూ పడేటట్టు కట్టించారు. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య మెత్తని గుడ్డచుట్ట పెట్టించారు. రెండు బొటనవేళ్లకూ ఒకే గుడ్డను ఉచ్చులా తగిలించి, మడమలు కదలకుండా పాదాలను విడదీస్తూ వేళ్లను నిటారుగా లాగే అభ్యాసం నేర్పారు. దేవన్న ఠాణా వెనక కూర్చొని ఆ అభ్యాసం చేస్తుంటే తోటి జవాన్లు, "ఏందిరా, నీ కాళ్లు ఒకదాన్నొకటి గుంజుకుంటున్నయి, పంచాయితి పెట్టాల్నా?" అని ఏడిపించేవారట.

మిగిలినది బూటు. కోయరాదు, కాని సాగదీయరాదని ఎవరూ అనలేదు. మైసన్న చెక్క దిమ్మె దూర్చి చూశాడు, తోలు లొంగలేదు. ఆ బూట్లు డాక్టరుగారి వంటింటి అరుగు మీద తిష్ఠ వేసి ఉండగా ఒక ఉదయం మరియమ్మగారికి ఓపిక నశించింది.

"శనిగలు నానవోస్తె కుండ మూత లేచి కింద వడ్డది. గంత బలం మీ మైసన్నకు లేకపాయె. గా శనిగలనే బూట్ల పోసుకోరాదు? నా అరుగన్న ఖాళీ అయితది."

ఆమె దెప్పిపొడవడానికే అన్నారు. డాక్టరుగారు మాత్రం లేచి వెళ్లి శనగల డబ్బా తెచ్చారు. బూటు ముక్కులో శనగలు కూరి, నీరు పోసి, నోరు బిగించి కట్టారు. తెల్లవారేసరికి శనగలు ఉబ్బి, ఏ దిమ్మెకూ లొంగని తోలును లోపలి నుంచి సమంగా తోసి, బుడిపె పట్టేంత చోటు చేశాయి. కత్తి గీత ఒక్కటి పడలేదు. ఆరబెట్టినా ఆ బూట్ల నుంచి నానిన శనగల వాసన పోలేదు. కొన్నాళ్లు దేవన్న ఏ వాకిట్లో నిలబడితే ఆ వాకిటి కోళ్లు వచ్చి అతని కాళ్ల చుట్టూ తిరిగేవి.

ముఆయినా జరిగింది. దేవన్న నడిచాడు, తిరిగాడు, నిలబడ్డాడు. పై అధికారి అతని ఎదుట ఆగి ముక్కు ఎగబీల్చి, ఆ వాసనేమిటని, "యే క్యా బూ హై?" అన్నాడట.

"శనిగలు హుజూర్."

"కమ్ ఖావో," అని, తక్కువ తినుమని బుద్ధి చెప్పి, ఆ దొర ముందుకు సాగిపోయాడు. దేవన్న కొలువు నిలిచింది.

అప్పటి నుంచి మన దవాఖానకు ఈ బుడిపెవారు రావడం ఎక్కువైంది. ఇన్నేండ్లు వీరెక్కడ దాక్కున్నారో అనిపించేది. ఇరుకు బూట్ల మాస్టర్లు వచ్చారు, మెట్టెలు బిగిసిన ముసలమ్మలు వచ్చారు. "బుడిపె పోతదా?" అని అందరూ అడిగేవారు. "పోదు. నొప్పి పోతది" అని వారు అందరికీ ఒకటే జవాబు చెప్పేవారు. ఆ జవాబు నచ్చక సురుకు పెట్టించుకోవడానికి పోయినవారు ఉన్నారు. కాలిన పుండుతో వారు తిరిగి వచ్చినప్పుడు డాక్టరుగారు కట్టు కట్టారే గాని "నేను చెప్పలేదా?" అన్న మాట వారి నోట మేము వినలేదు. పొడుగు కొలిచే దారంతోపాటు, వేళ్ల మొదట వెడల్పు కొలిచే ఇంకొక దారం కూడా మైసన్న చేతికి వచ్చింది. ఆ రెండు దారాలతో కుట్టిన వెడల్పాటి చెప్పులనే వారు స్వయంగా తొడిగి, పై అధికారుల ఎదుట కూడా వాటితోనే నిలబడి, ఒకటి రెండు మార్లు చీవాట్లు తిన్నారు. "నా కాలు జూసిన్రు గద, మల్ల నా చెప్పు జూసి కోపమెందుకు?" అని నవ్వేవారు.

ప్రతి ఏడూ కొత్త బూట్లు రావడం, ప్రతి ఏడూ మరియమ్మగారి డబ్బాలో శనగలు తగ్గడం, దేవన్న ఏడాది గండం గట్టెక్కడం ఒక ఆచారంగా సాగింది. ఈ మహాయుద్ధం వచ్చి ఆ ఆచారాన్ని చెడగొట్టింది. ఈసారి వచ్చిన బూట్ల తోలు తోలో రేకో తెలియదు. శనగలు ఉబ్బి పగిలిపోయాయి గాని తోలు జరగలేదు. పైగా సామాను కరువు కనుక, ఇచ్చిన బూట్లను తడపరాదు, సాగదీయరాదు, కోయరాదు అని కొత్త హుకుం వచ్చింది. వెడల్పు బూట్లకోసం డాక్టరుగారు పెట్టుకున్న అర్జీలకు ఈనాటి వరకు జవాబు లేదు. దేవన్న మళ్లీ కుంటుతున్నాడు, రేపు చలికాలంలో మళ్లీ ముఆయినా ఉన్నది.

ఈ సంచిక అచ్చుకు ఆలస్యం కావడం వల్ల మొన్న దవాఖాన ముంగిట్లో జరిగిన వీడ్కోలు సభను కూడా ఇందులో చేర్చగలుగుతున్నాను. కామారెడ్డి నుంచి మిత్రులు బస్సు దిగి వచ్చారు. పోచన్న, హన్మవ్వ, మైసన్న వచ్చారు. సాలవ్వ కూడా వచ్చి, "నేను ముందుగాల్నే అన్న గద, గిసొంటి డాక్టరు దొరుకడని" అన్నది. పూలదండలు పడ్డాయి. సర్కారు బరువు దిగిన ఈ కాళ్లు ఇకమీదట తమకు నచ్చిన దారిన, నచ్చిన చెప్పులతో, నొప్పి ఎరగక నడవాలని, శ్రీ స్వామిదాసుగారూ మరియమ్మగారూ బిడ్డల నడుమ, మనుమల నడుమ ఆరోగ్యంతో నిండు నూరేండ్లు వర్ధిల్లాలని, వారి ప్రశ్నలు మాత్రం ఏనాడూ విశ్రాంతి తీసుకోరాదని మేమంతా నిలబడి భగవంతుని ప్రార్థించాము.

అటుపిమ్మట అమీన్ సాహెబు లేచి, డాక్టర్ సాబ్ తనకు అన్నవంటివారని చెప్పి, వెళ్లేముందు ఒక్క ఉపకారం చేయమని అడిగాడు. దేవన్నను పట్నం పంపి ఎముక కోయించే ఏర్పాటు తాను చేస్తాడట. తల్లి ఒప్పుకోవడం లేదట. డాక్టరుగారు చెబితే వింటుందట.

"ఆమెకు చెప్పాల్సింది ఆమెకు తెలుసు," అన్నారు డాక్టరుగారు. "బూటును ఇంత కోస్తె సరిపోయేదానికి కాలు ఎందుకు కోయించుడు?"

"బూటు మీద కత్తి పెట్టనీకి నాకు హుకుం లేదు డాక్టర్ సాబ్. కాలంటరా, పట్నం డాక్టర్లు కోస్తరు. దానికి ఎవరి హుకుం అక్కర లేదు."

అప్పటిదాకా అరుగు చివర కొడుకు పక్కన కూర్చొని ఉన్న ఈరవ్వ లేచి నిలబడింది. అమీన్ సాహెబు వైపు తిరిగి అన్నది:

"తోలు కొయ్యనీకి పైనుంచి హుకుం రావాలె. నేను గన్న కాలు కొయ్యనీకి నా హుకుం వద్దా?"